గొడ్డలిని తిట్టే ఆవిడ

పళ్ళ డాక్టరు గది బయట కూర్చుని పేర్లు పిలిచే ఆవిడ గొంతు పక్క కుర్చీ దాకా కూడా వినపడేది కాదు. దవడ వాచినవాళ్ళు వచ్చి విసుక్కునేవారు. పన్ను పీకించుకున్నవాళ్ళు డాక్టర్ని అనలేక ఆవిడ్ని అనేవారు. ఎవరేమన్నా జవాబు ఒకటే: "కొంచెం కూర్చోండి, పిలుస్తాను." ఇంట్లోనూ అంతే. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఈ కోడలి నోట్లో నాలుకుందో లేదో ఎవరికీ తెలియదు.

ఉందని ఫుట్‌బాల్ మైదానంలో తేలింది.

ఊళ్ళో జట్లు రెండు, మైదానం ఒకటే. ఆవిడ మొగుడిది తాళాలు బాగుచేసే దుకాణం. ఎర్రచొక్కాల జట్టంటే ఆయనకి ప్రాణం. నీలంచొక్కాల జట్టులో వెనక కాపలా కాసేవాడొకడుండేవాడు. వాణ్ణి అందరూ గొడ్డలి అనేవారు. బంతి దొరక్కపోతే కాలు, కాలు దొరక్కపోతే చొక్కా! ఎదుటివాణ్ణి పడగొట్టి, తనే చేతులు పైకెత్తి, పాపం పుణ్యం ఎరగనట్టు నిలబడేవాడు. మొగుడి వెంట మొదటిసారి వెళ్ళిన రోజున ఆవిడ అది చూసింది. ఒళ్ళు మండిపోయింది. లేచి, "నీ కాళ్ళు పడిపోను! నంగనాచి వెధవా!" అని అరిచింది. ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగారు. అరిచిందెవరా అని మొగుడు కూడా చుట్టూ చూశాడు.

ఆ రాత్రి ఆవిడకి ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపట్టింది.

ఇంక చూసుకోండి! ఎర్రచొక్కాల ఆటకి రమ్మంటే తలనొప్పి. నీలంచొక్కాల ఆటకైతే జ్వరమొచ్చినా తయారు. వాళ్ళతో ఆడటానికి ఏ జట్టొస్తే ఆ జట్టు మనుషుల మధ్య కూర్చుని గొడ్డలిని దులిపేసేది.

"మనవాళ్ళ ఆట చూడవు, శత్రువుల ఆటకి ఏడాది టిక్కెట్టు కొన్నావు. వాడి మీద మోజుపడ్డావేమిటే?" అని మొగుడు ఏడిపించేవాడు.

"ఛీ! వాడి మొహం చూస్తేనే అసహ్యం," అనేది, టిక్కెట్టు జాగ్రత్తగా పర్సులో పెట్టుకుంటూ.

ఒకసారి మోకాలు దెబ్బతిని వాడు నెల్లాళ్ళు ఆడలేదు. ఆవిడ మైదానం గడప తొక్కలేదు. ఆ నెలలోనే ఒక పంటినొప్పి పెద్దమనిషి బల్ల గుద్ది అరిస్తే, లోపలికి వెళ్ళి ఏడ్చింది.

ఏళ్ళు గడిచాయి. మంచి ఆటగాళ్ళు వచ్చారు, గోల్స్ కొట్టారు, వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు ఆవిడకి గుర్తులేవు. మంచివాడికి నాలుగు చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. వారమంతా మింగిన మాటలు కక్కాలంటే చెడ్డవాడే కావాలి.

గొడ్డలి ఆట మానేస్తున్నాడని పేపర్లో పడింది. చివరి ఆట ఎర్రచొక్కాలతోనే. జుట్టు నెరిసింది, పరుగు తగ్గింది. ఆ రోజు వాడు ఒక్కణ్ణీ పడగొట్టలేదు. ఆట అయ్యాక మైదానం చుట్టూ నడుస్తుంటే జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. ఎర్రచొక్కాలవాళ్ళూ కొట్టారు.

"ఎంతైనా మొనగాడే," అంటూ మొగుడూ కొట్టాడు.

ఆవిడ కంచె దగ్గరికి పరుగెత్తింది.

"ఒరేయ్ గొడ్డలీ! సిగ్గులేదురా? చప్పట్లు కొట్టించుకుని పోతున్నావా? రేపట్నించి నేనెవర్ని తిట్టాలిరా!"

ఆ హోరులో వాడికి వినపడలేదు. తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆవిడ కంచె పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

మొగుడు వెనకే వచ్చాడు. ఏం చెయ్యాలో తోచక, "పోనీ, నన్ను తిట్టవే," అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది.

"మిమ్మల్నా? తిట్టడానికి మీరేం చేశారని!" అని బావురుమంది.