బీడీ లేకుండా పుట్టిన మంట

2019 జనవరి. ఆదోనిలో పత్తి సీజను జోరు మీదుంది. పత్తిలోంచి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లుల్లో మోటార్లు, ప్యానెళ్లు చూసే ఎలక్ట్రీషియన్ని నేను. ఒకరోజు పొద్దున్నే ఎమ్మిగనూరు రోడ్డులోని ఒక మిల్లు నుంచి ఫోనొచ్చింది. ఆ సీజనులో రెండోసారి మంట లేచిందట, వచ్చి వైరింగ్ చూడమన్నారు.

నేను వెళ్లేసరికి మంట ఆర్పేశారు. తడిసిన పత్తి కమురు వాసన గుప్పుమంటోంది. గేటు పక్కన ఒక మనిషిని నిలబెట్టి జేబులు వెతుకుతున్నారు. అతని పేరు ఏసేబు. కౌతాళం వైపు పల్లె నుంచి వచ్చి, భార్య సునందమ్మతో కలిసి ఆ మిల్లులోనే పనిచేస్తున్నాడు. పత్తిని సక్షన్ పైపు నోటికి అందించడం అతని పని. మనిషి పట్టేంత లావున్న ఆ ఇనుప పైపు గాలితో పత్తిని పీల్చి మిషన్ల దాకా మోస్తుంది. రెండు మంటలూ ఆ పైపు వంపు దగ్గరే లేచాయి. రెండుసార్లూ దగ్గరున్నది ఏసేబే. పైగా అతనికి బీడీ అలవాటు.

యజమాని విరూపాక్షప్ప నన్ను చూడగానే, "వైరింగ్ బాగుందా లేదా, అంతే చెప్పప్పా. బాగుంటే ఇంగ వీడి బీడీనే. స్టేషన్‌కు పంపిస్తా" అన్నాడు.

ఆ మాటతో నా పని తలకిందులైంది. మామూలుగా వైరింగ్ బాగుంటే నాకు సంతోషం. ఇప్పుడు బాగుంటే ఒక మనిషి జైలుకు పోతాడు. ప్యానెల్ విప్పాను. కేబుళ్లకు మెగ్గర్ పెట్టాను, అది వైరు పైతొడుగు ఎక్కడైనా దెబ్బతిన్నదేమో చూపించే మీటరు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పైగా ఆ వంపు దగ్గరికి ఏ వైరూ పోదు. ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని అవే కేబుళ్లను మళ్లీ మళ్లీ పరీక్షించాను.

"నేను లోపలికి బీడీ తేనన్నా" అన్నాడు ఏసేబు. "దినామూ గేటుకాడ వాచ్‌మన్‌కిచ్చి వస్తా. అడుగు."

వాచ్‌మన్‌ని అడిగాను. అతను యజమాని మొహం చూసి, "ఏమోన్నా, నేను సూడలే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"చూసినావు కదా, చెప్పు మరి" అని తొందరపెట్టాడు విరూపాక్షప్ప. కాసేపు ఆగమన్నాను. ఎందుకాగమన్నానో నాకే తెలియదు. కాలు ఒకచోట నిలవక ఆ పైపు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. ఇచ్చిన టీ సగం తాగి ఎక్కడో పెట్టి మరిచిపోయాను. మంట పూర్తిగా ఆరిందని తేలాక, పైపులోపలంతా ఊడ్పించి, మిషన్ నడపమన్నాను. పత్తి మళ్లీ పైపులో పరుగెత్తింది. వంపు పక్కగా నడుస్తుంటే నా ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

అప్పుడు వెలిగింది నాకు. నా షాపులో ఒక బొమ్మ యంత్రం ఉంది. పాత కుట్టుమిషన్ చక్రం, రెండు రోలర్లు, ఒక రబ్బరు బెల్టు, పైన బోర్లించిన స్టీలు గిన్నె. బెల్టు రోలరును రాసుకుంటూ తిరిగితే చార్జ్ పుట్టి గిన్నెలో చేరుతుంది. వేలు దగ్గర పెడితే టప్పుమని చిన్న రవ్వ ఎగురుతుంది. దీన్ని స్టాటిక్ అంటారు, దారి దొరక్క ఒకచోటే నిలిచిపోయిన కరెంటు. పరిశోధనశాలల్లో ఇదే పద్ధతిలో లక్షల వోల్టులు పుట్టించే యంత్రాలు కనిపెట్టారు. ఈ మిల్లులో ఎవరూ కనిపెట్టకుండానే అది తయారైంది. పొడిగాలిలో పత్తి పైపును రాసుకుంటూ పోతోంది, పైపేమో గిన్నెలాగా చార్జ్ పోగేసుకుంటోంది. అక్కడ ఒక్క రవ్వ ఎగిరితే చాలు, పత్తి అంటుకుంటుంది.

కానీ పైపుకు ఎర్తింగ్ పట్టీలున్నాయి. చార్జ్‌ని భూమిలోకి దింపేవి అవే. మరి ఎందుకు దిగలేదు? దగ్గరికి పోయి చూశాను. పైపు నిగనిగలాడుతోంది.

"రంగెప్పుడు వేశారు?"

"దసరాకప్పా, ఆయుధపూజకు" అన్నాడు విరూపాక్షప్ప గర్వంగా. "పట్టీలన్నీ ఇప్పి, ఒక్క చుక్క వదలకుండా ఏపించినా."

పట్టీలు విప్పి, రంగు దట్టంగా వేసి, ఆ రంగు మీదే మళ్లీ బోల్టులు బిగించారు. ఇనుమూ ఇనుమూ తాకనే లేదు. పైపు కీళ్ల మధ్య రబ్బరు, స్టాండ్ల కింద రబ్బరు, చార్జ్ దిగే చోటే లేదు. భక్తితోనే దారి మూసేశారు.

చుట్టూ పత్తి, దుమ్ము ఊడ్పించి, నీళ్ల బకెట్లు పెట్టించి, ఎర్త్ వైరును కర్రకు కట్టి పైపుకు దగ్గరగా తెచ్చాను. టప్! నీలం రవ్వ ఎగిరింది. చూడ్డానికి చేరిన ఆడకూలీలు కెవ్వుమన్నారు. సునందమ్మ ముందుకొచ్చి, "ఆ పైపు ముట్టుకుంటే సలికాలమంతా కరుస్తానే ఉందన్నా. సలికి అట్లనే ఉంటాదనుకున్నాం" అంది. మిషన్ ఆపించి, బోల్టుల కింద రంగు గీకి, పట్టీలు ఇనుముకు ఆనేలా బిగించాను. మళ్లీ నడిపి వైరు దగ్గర పెడితే రవ్వ రాలేదు.

విరూపాక్షప్ప తల గోక్కున్నాడు. "సరే, తప్పు మిషన్‌ది. ఏసేబూ, పనికి పో."

ఏసేబు కదల్లేదు.

"మిషన్‌ను ఎవురూ గేటుకాడ నిలబెట్టలేదు సావుకారూ. దాని జేబులెవురూ ఎతకలేదు."

సునందమ్మ అతని చెయ్యి పట్టి లాగుతోంది, పని పోతుందని ఆమె భయం. అతను విదిలించుకున్నాడు. విరూపాక్షప్ప నా వైపు చూశాడు, ఏదైనా చెప్పి గట్టెక్కిస్తానేమోనని. నేను చెప్పదలుచుకోలేదు.

చివరికి విరూపాక్షప్పే "నాదే తప్పప్పా" అన్నాడు గొణిగినట్టు.

"అందురికీ ఇనపడేట్లు చెప్పు. నన్ను దొంగ మాదిరి అందురూ చూసినారు."

చెప్పాడు. గొంతు పెంచి, అందరి ముందూ చెప్పాడు. అప్పుడు ఏసేబు తలగుడ్డ చుట్టుకుని పైపు దగ్గరికి పోయాడు.

స్టాటిక్ గురించి ఆ రోజు నేను కొత్తగా నేర్చుకున్నది పెద్దగా లేదు. నా పద్ధతి మాత్రం మారింది. ఇప్పుడు ఏ మిల్లులో మంట లేచిందని ఫోనొచ్చినా, మెగ్గర్ బయటికి తీయకముందే ఒకటి అడుగుతాను: ఎవరిని అనుమానించారు? ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. ఆ మనిషిని లోపలికి పిలిపించి, నా పక్కన నిలబెట్టుకుని, అతని కళ్ల ముందే పరీక్ష మొదలుపెడతాను.