గుడ్డపేలిక జరిపిన ఆదివారాలు

ఫోమ్ పరుపులంటే నాకు పడదు. కూర్చుంటే మర్యాదగా కూర్చోనివ్వవు, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అమ్మేవాళ్ళేమో అది మన ఒంటి ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుందని గొప్పగా చెబుతారు. నా ఒంటి ఆకారం అంత గుర్తుపెట్టుకోవలసిందేమీ కాదు.

ఈ మాట నా స్నేహితుడితో అంటే వాడికి పండగ. వాడిది చిలకలూరిపేటలో దూది పరుపుల కొట్టు. తాతల నాటి నుంచి దూది ఏకడమే వాళ్ళ పని. ప్రతి ఆదివారం పొద్దున ఆ కొట్లో, కుట్టి పెట్టిన పరుపుల మీద, మేం ముగ్గురం చేరేవాళ్ళం. మూడో మనిషి జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే మేడం. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తాను. మమ్మల్ని కలిపింది సైన్స్ ఫిక్షన్. ఊరంతా పత్తి ధర గురించి మాట్లాడుకుంటుంటే మేం వేరే గ్రహాల వాతావరణం గురించి దిగులు పడేవాళ్ళం.

మా పద్ధతి ఒకటుండేది. ప్రస్తుతం ఎవరు ఏం చదువుతున్నారో, ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. పేజీ గుర్తుకు పుస్తకంలో పెట్టుకోవడానికి మా వాడు అందరికీ పరుపు గుడ్డలోంచి చారల పేలిక ఒక్కొక్కటి కత్తిరించి ఇచ్చాడు. పేలిక ఎక్కడుంటే కథ అక్కడిదాకా చెప్పాలి, ఆపైన ఒక్క ముక్క చెప్పకూడదు. ముగింపు బయటపెట్టినవాళ్ళు అందరికీ మిరపకాయ బజ్జీలు తేవాలి. చివరి పేజీ ముందే తిప్పి చూడటం మా ముగ్గురి దృష్టిలో దొంగతనం కన్నా ఒక మెట్టు ఎక్కువ పాపం. అలాంటివాళ్ళను మేడం మనుషుల్లో జమకట్టేది కాదు.

ఆ సంవత్సరం నేను గుంటూరులో ఒక పాత పుస్తకం కొన్నాను. ఇంగ్లీషు నవల, ఆరు వందల పేజీలు. ఒక ఓడ వేరే నక్షత్రానికి బయలుదేరుతుంది. ప్రయాణం ఎంత దూరమంటే, ఎక్కినవాళ్ళు దారిలోనే పోతారు, దిగాల్సింది వాళ్ళ మనవలు. ఎక్కినవాళ్ళలో ఒక ముసలమ్మ ఉంటుంది. తను దిగనని తెలిసే ఎక్కుతుంది. మా వాడికి ఇంగ్లీషు చదవడం కష్టం. అందుకని నేను చెప్పేవాణ్ణి, వాడు వినేవాడు. విన్నది ఇంటికెళ్ళి వాళ్ళమ్మకు చెప్పేవాడు. ఆవిడ నడుం దెబ్బతిని మంచాన ఉంది.

ఆ సంగతి నాకు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తెలిసింది. నేను గుమ్మంలో ఉండగానే ఆవిడ అడిగింది.

"ఏం అబ్బాయా, ఆ ఓడలో వాళ్ళకి నీళ్ళెక్కణ్ణుంచి వస్తాయి? బోరేశారా?"

ఆవిడ పుట్టింది కనిగిరి దగ్గర మెట్ట పల్లెలో. నీళ్ళ సంగతి ఊరికే వదిలే మనిషి కాదు.

"బోరు లేదు పెద్దమ్మా. వాడిన నీళ్ళే శుభ్రం చేసి మళ్ళీ వాడుకుంటారు."

"ఛీ! స్నానం చేసినవి కూడానా?"

"అన్నీ."

ఏమేం కలుస్తాయో ఆవిడ కాసేపు లెక్కపెట్టుకున్నట్టుంది. తర్వాత, "పోన్లే పాపం, ఏం చేస్తారు. ఆ ముసలామె బాగుందా?" అంది.

"బాగానే ఉంది పెద్దమ్మా."

అప్పటికి నేను నూట నలభయ్యో పేజీలో ఉన్నాను. ముసలమ్మ నిజంగానే బాగుంది. అదే నేను ఆవిడకు చెప్పిన చివరి నిజం.

నూట నలభై ఒకటో పేజీ నుంచి ఓడ ఇంజిను గురించి వర్ణన మొదలైంది. నేను బీయస్సీ చదివినవాణ్ణే గాని, చదివి చాలా కాలమైంది. రెండు పేజీలు చదివి ఫోను అందుకున్నాను. ఫోనులో ఎవరో పుచ్చకాయను కత్తితో హంసలాగా చెక్కుతున్నారు. ఆ హంస తర్వాత ఇంకో హంస వచ్చింది. మళ్ళీ పుస్తకం తెరవలేదు.

తెరవలేదని చెబితే పోయేది. ఇద్దరే మనుషులు, పైగా స్నేహితులు. కాని రెండేళ్ళుగా అందరికన్నా ఎక్కువ చదివేవాణ్ణని పేరు తెచ్చుకున్నాను. చిలకలూరిపేటలో నాకున్న పేరు అదొక్కటే. అందుకని ప్రతి ఆదివారం బయలుదేరే ముందు పేలికను ఇరవై పేజీలు ముందుకు జరిపేవాణ్ణి. కొట్లో కూర్చుని, "ఈ వారం పెద్దగా ఏం జరగలేదు. నీళ్ళ దగ్గర గొడవపడ్డారు, సర్దుకున్నారు" అనేవాణ్ణి. నీళ్ళ గొడవ ఎక్కడ పెట్టినా అతుకుతుంది. పైవారం గాలి దగ్గర గొడవపడ్డారు.

"ఇది ఓడా, మా స్టాఫ్ రూమా?" అంది మేడం.

మా వాడు నవ్వలేదు. "ఆ ముసలామె ఏమైంది?" అని అడిగాడు. తర్వాత ఆదివారం కూడా అదే అడిగాడు.

"ఉంది. పడుకుని ఉంది," అన్నాను. మంచాన ఉన్న వాళ్ళమ్మే నాకు తోచిన పోలిక. వాడు ఈ మాట ఇంటికి మోసుకెళ్ళి ఎవరికి చెబుతాడో తెలిసే అన్నాను.

అలా రెండు నెలలు. నా పేలిక మూడు వందల పేజీలు దాటింది. నేను మాత్రం ఇంజిను దగ్గరే ఉన్నాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం వాడు కోల్డ్ స్టోరేజీకి వచ్చాడు. ఎన్నడూ అలా వచ్చిన మనిషి కాదు. చొక్కా నిండా దూది ఉంది. మిర్చి ఘాటుకు తుమ్ముతూనే నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏరా, అమ్మకి నిన్నట్నుంచి అన్నం దిగట్లేదు," అన్నాడు. "పొద్దున్నుంచీ ఒకటే అడుగుతోంది. వాళ్ళు చివరికి దిగారా లేదా అని. ఒక్క ముక్క చెప్పరా, చాలు."

నేనేం చెప్పాలి? నాకు తెలియదు. తెలియదని చెబితే రెండు నెలల ఆదివారాలన్నీ బయటపడతాయి. నోటికి అందినది అందుకున్నాను.

"రూలు రూలేరా. పేలిక ఇంకా అక్కడికి రాలేదు."

వాడు నా మొహంలోకి చూశాడు. వాడూ మా ముగ్గురిలో ఒకడే. ఆ రూలు మీద వాడికి నిజంగా గౌరవం. బలవంతం చెయ్యలేదు.

"సరేలే. ఆదివారం దాకా ఆగమంటాను," అని వెళ్ళిపోయాడు.

పుస్తకం నా బల్ల సొరుగులోనే ఉంది. వాడు గేటు దాటేలోపు చివరి పేజీ తిప్పి, కేకేసి చెప్పొచ్చు. ఆ ఆలోచన రాలేదని అనను. వచ్చింది. చివరి పేజీ ముందు చూడటం తప్పు కదా అనుకున్నాను. నూట నలభై రెండు తర్వాత ఒక్క పేజీ చదవనివాడికి ఈ నియమం అడ్డొచ్చింది.

వాళ్ళమ్మ గురువారం పోయింది. మట్టికి వెళ్ళొచ్చాను. మా వాడు నన్ను చూసి తల ఊపాడు, అంతే. ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. నాలుగు రోజుల్లో పూర్తి చేశాను. ఇంజిను వర్ణన పదకొండు పేజీలే. ముసలమ్మ రెండు వందల పదో పేజీలో పోతుంది. అంటే నా పేలిక ఆ పేజీ దాటిన తర్వాత కూడా ముసలమ్మ పడుకుని ఉందనే చెబుతూ వచ్చాను. చివరి రెండున్నర పేజీల్లో వాళ్ళు దిగుతారు. ముసలమ్మ మనవరాలు ముందుగా కాలు పెడుతుంది. ఆ రెండున్నర పేజీలు చదవడానికి నాకు ఒక టీ తాగినంత సేపు పట్టింది.

కొట్టు మళ్ళీ తెరిచిన రోజు వెళ్ళాను. మేడం లేదు. వాడు కింద కూర్చుని, మోకాలితో పరుపు అంచు అదిమిపట్టి దబ్బనంతో కుడుతున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"దిగార్రా," అన్నాను. "చివర్లో దిగారు. అందరూ."

వాడు తలెత్తలేదు. "పోన్లే," అన్నాడు.

అక్కడితో ఆపి లేచి రావచ్చు. కాని ఆ పోన్లే విని కూర్చోలేకపోయాను.

"ఆ మంగళవారం నాకు తెలీదురా. రూలు కాదు, ఏం కాదు. అప్పటికి నేను చదవలేదు. రెండు నెలల నుంచీ చదవట్లేదు. పేలిక ఊరికే జరుపుతున్నాను."

దబ్బనం పరుపులో సగం దిగి ఆగింది. వాడు దాన్ని అవతలికి లాగి, దారం బిగించి, పళ్ళతో కొరికాడు.

"చదవలేదని ఆ రోజే చెప్పుంటే, దిగారని నేనే ఓ అబద్ధం చెప్పి పంపేవాణ్ణి గదరా మా అమ్మని."