పగ లేని సాక్షి

తొంభైల మొదటి ఏళ్లు. ప్రొద్దుటూరులో క్రిమినల్ కేసులు చూసేవాణ్ణి. ఎన్నికలొస్తే మాకు పని పెరిగేది. రెండు పార్టీలవాళ్లు కొట్టుకోవడం, పెద్దమనుషులు రాజీ చేయడం, సాక్షులు బోనెక్కి మేం చూడలేదనడం మామూలే. అలా మాట మార్చిన సాక్షిని హాస్టైల్ అంటారు. నా ప్రాక్టీసు సగం వాళ్ల పుణ్యమే.

ముద్దనూరు దగ్గరి పల్లెలో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్న దానియేలు మీద బాంబు పడి, కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. వేసింది ఓబులేసని కేసు. అతను నా క్లయింటు. మహా ధీమాగా వచ్చాడు.

"దానియేలప్ప చర్చిలో అందరి ముందర నన్ను మన్నించినానన్యాడు సార్. ఇంగ కేసు యాడుంది?"

నాకూ అలాగే తోచింది. క్షమించాడంటే రాజీపడ్డట్టే కదా! తీరా దానియేలు బోనెక్కి, ఎడమచేతి వేలితో ఓబులేసునే చూపించాడు.

నాకు ఒళ్లు మండింది. క్రాస్ ఎగ్జామినేషన్‌కు, అంటే ఎదుటి సాక్షిని ప్రశ్నించడానికి లేచాను. పాతకక్షలతో అబద్ధమాడుతున్నాడనడం ఫ్యాక్షన్ కేసుల్లో మాకున్న పెద్ద ఆయుధం. అది వదిలేసి, చర్చిలో ఇతన్ని క్షమించావా అని నిలదీశాను. క్షమించానన్నాడు. ఇప్పుడు పగ లేదా అన్నాను.

"లేదు సార్. వాని కోసరం, వాళ్లమ్మ కోసరం గూడా ప్రార్థన చేస్తాండా."

జడ్జిగారు తలెత్తి చూసి, అంతా రాయించారు. కూర్చున్న కొమ్మను నరుక్కున్నానని అప్పుడు తెలిసింది. పగ లేనివాడు అబద్ధమెందుకు చెబుతాడు?

సాయంత్రం వరండాలో అతన్ని ఆపాను. క్షమించి కూడా మనిషిని జైలుకెలా పంపుతావని అడిగాను.

"వాడు చెయ్యలేదని చెప్తే, ఇంగ నేను క్షమించిందేంది సార్?" అంటూ మొండిచేతిని ముందుకు చాచాడు. "ప్రభువు సిలువ మీద వాళ్లను క్షమించమనే అడిగినాడు. తిరిగి లేసినంక గాయాలు దాసిపెట్టినాడా? తోమాకు చూపించలా?"

నాకా సంగతి తెలియదు. తెలిసినవాళ్ల ఇంట్లో బైబిలు అడిగి తెచ్చుకుని చదివాను. యోహాను సువార్త చివర్లో నిజంగానే ఉంది: తిరిగి లేచాడని నమ్మని శిష్యుడు తోమాకు యేసు తన గాయాలు చూపించాడు.

ఓబులేసుకు శిక్ష పడింది. కొన్నాళ్లకు దానియేలు నా ఆఫీసుకొచ్చి, జైల్లో అతన్ని చూడాలి, అర్జీ రాసిపెట్టమన్నాడు. రాస్తూ, ఖైదీకి ఏమవుతావన్న చోట ఆగాను.

"ఆ కేసులో సాక్షినని రాయండి సార్. నిజమే గదా," అన్నాడు.

జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో అడగొద్దని మా సీనియర్ చెప్పేవారు. ఆ రోజు నాకు జవాబు ముందే తెలుసు. క్షమించడమంటే ఏమిటో మాత్రం తెలియదు.