పండబెట్టిన పటం

డెబ్బైల చివర తిరుత్తణిలో ఒక కాలేజీ లైబ్రరీలో అసిస్టెంటుగా చేరాను. పోయిన అధ్యాపకుల కాగితాలు, వస్తువులు భద్రపరచాలని మా ప్రిన్సిపాలుకు ఒక ఏడు బుద్ధి పుట్టింది. ఆటసామాను గది ఖాళీ చేయించి ఇనప అలమారలు పెట్టించాడు. లైబ్రరీలో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తెలుగు మాస్టారి ట్రంకుపెట్టె నా నెత్తిన పడింది. కళ్లజోడు, ఇంకు పెన్ను, కట్టలుగా పాఠాల నోట్సు, గడువు తీరిన రైలు పాసులు. పాసులు కూడా దాచుకున్నాడంటే ఎంత తీరికో అని విసుక్కుంటూ అన్నిటికీ నంబర్లు వేశాను. నాఫ్తలీను వాసన ఇంటికెళ్లి స్నానం చేసినా పోయేది కాదు.

పెట్టె ఇచ్చింది ఆయన అక్క. మాస్టారు పెళ్లి చేసుకోలేదు. తిరువళ్లూరు పక్క మణవాళనగర్‌లో అద్దె ఇంట్లో అక్కాతమ్ముళ్లు ఇద్దరే ఉండేవాళ్లు. మాస్టారివి ఏమున్నా ఇవ్వమని కాలేజీ నుంచి అడిగితే, ఆవిడ గోడ మీది పటం కూడా దించి ఇచ్చేసింది. ఆయనకున్న ఫోటో అదొక్కటే.

అద్దానికి చెమ్మ పట్టి ఫోటో అతుక్కుపోతుందని ప్రిన్సిపాలు ఫ్రేము విప్పించాడు. ఫోటో కవరులోకి, కవరు అలమార సొరుగులోకి పోయాయి. ఫ్రేము అటకెక్కింది.

మాస్టారు పోయిన తిథి తమిళుల ఆడి నెలలో వచ్చింది. అప్పుడు కొండ మీది గుడికి మొక్కు కావళ్లు మోసుకొచ్చేవాళ్లతో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఆ గుంపులో నలిగి తిరువళ్లూరు నుంచి ఆవిడ దిగింది. చేతిలో స్టీలు డబ్బా, తడిగుడ్డలో పూలు. వస్తూనే నాలుగు గోడలూ చూసింది.

"మా తమ్ముడు యాడ ఉండాడు నాయనా?"

సొరుగు లాగి చూపించాను.

"ఏంది, వాణ్ణి పండబెట్టినారా!" అని గోడకు చేరగిలబడింది. "కాలేజీ గోడకి తగిలిస్తారని కదప్పా ఇచ్చినా. పిల్లోళ్లు వస్తా పోతా చూస్తారనుకొన్నా. ఇప్పుడు బొట్టు యాడ పెట్టేది? మొగం మిందనా?"

తిథినాడు పటం అద్దానికి బొట్టు పెట్టి, ఎదురుగా అన్నం పెట్టాకే మా ఇళ్లలో ఎవరైనా తినేది. ఆవిడ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నాకు ప్రిన్సిపాలు మీద ఒళ్లు మండింది. అటకెక్కి ఫ్రేము దించి, దుమ్ము తుడిచి, ఫోటో బిగించి బల్ల మీద నిలబెట్టాను. ఆవిడ బొట్టు పెట్టి, డబ్బా మూత తీసి, "తినరా" అంది పటంతో.

పటం ఆవిడకు తిరిగి ఇచ్చేద్దామని ప్రిన్సిపాలును అడిగాను. నంబరు పడ్డ వస్తువు కమిటీ ఒప్పుకోనిదే గడప దాటదన్నాడు. అర్జీ రాశాను. ప్రిన్సిపాలు మారాడు, మళ్లీ రాశాను. ఆ కమిటీ అంటే ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ఏటా ఆడి నెలలో అదే పని. ఫ్రేము దించడం, ఫోటో బిగించడం, ఆవిడ వెళ్లాక విప్పి మళ్లీ సొరుగులో పెట్టడం. రానురాను వరండా మెట్లెక్కడానికి ఆవిడకు చాలాసేపు పట్టేది. నాకూ నడుంనొప్పి మొదలై అటకెక్కడమంటే ఏడుపొచ్చేది. ఆడి నెల దగ్గర పడుతుంటేనే నీరసం కమ్మేది.

చివరిసారి వచ్చినప్పుడు ఆవిడ పూలు తేలేదు. బొట్టు పెట్టి, అన్నం చూపించి, అలాగే కూర్చుండిపోయింది.

"కొత్త ప్రిన్సిపాలు మంచాయన అక్కా. ఈసారి ఎట్లైనా ఇప్పిస్తా" అన్నాను. ఆ మాట మీద నాకే నమ్మకం లేదు.

"వద్దులే నాయనా. ఎత్తుకోనిపోతే నా తరవాత చూసేవాళ్లు ఎవురుండారు?"

ఫ్రేము బోర్లించి, వెనక మేకులు తనే వంచింది. ఫోటో తీసి కొంగుతో తుడిచి కవరులో పెట్టింది.

"పండుకోనీ వాణ్ణి. నేనూ అలిసిపోయినా."

ఆ ఏడు సొరుగు ఆవిడే మూసింది.