కోతుల డాక్టరమ్మ దగ్గర దుబాసీ పని

మా ఇంట్లో అనాసపండు జామ్ సీసా మూత తీస్తే కోరుట్ల బస్టాండు దాకా వాసన వస్తుంది. రాదు లెండి, వంటింటి గుమ్మం దాకా వస్తుంది. నేను పెంచి చెప్పే మనిషినని ముందే ఒప్పుకుంటున్నాను. మార్కెట్ యార్డులో వడ్లకు తరుగు తీసినట్టు మా ఊళ్లో నా మాటలకు కూడా తరుగు తీసి వింటారు. మీరూ తీసుకోండి, నేనేమీ అనుకోను. ఆ వాసనకు మా పిల్లలకు బ్రెడ్డు గుర్తొస్తే నాకు కోతి ఎంగిలి గుర్తొస్తుంది. కోతి ఎంగిలి గుర్తొస్తే దేవి మేడం గుర్తొస్తుంది. ఆ వరుస విని మా ఆవిడ తినడం మానేసి లేచిపోతుంది.

దేవి మేడం మన దేశం మనిషి కాదు. ఇండోనేషియాలో జావా దీవి ఆమెది. పశువుల డాక్టరు, అందులోనూ కోతుల డాక్టరు. అడవులు తరిగిపోయాక కోతులు ఎట్లా బతుకుతున్నాయి, వాటి రోగాలు మనుషులకూ మనుషుల రోగాలు వాటికీ ఎట్లా అంటుకుంటున్నాయి అని చూడడం ఆమె చదువు. నాలుగైదు దేశాల కుర్రాళ్లకూ అమ్మాయిలకూ ఆ పని నేర్పడానికి కొండగట్టు కింద ఒక ఇల్లు కిరాయికి తీసుకుంది. జగిత్యాల ఇంకా జిల్లా కాని రోజులవి. నేను బహ్రెయిన్‌లో కంపెనీ మూతపడి తిరిగొచ్చి, కోరుట్లలో ఖాళీగా తిరుగుతున్నాను. జీపు నడపడానికీ ఊళ్లలో దుబాసీగా మాట్లాడడానికీ మనిషి కావాలన్నారని పోయాను. ఇంగ్లీషు వచ్చా అని ఆమె అడిగితే, అక్కడి కూలీల క్యాంపులో ఐదు దేశాలవాళ్ల మధ్య మాట కలిపింది నేనే అన్నాను. నిజానికి క్యాంపులో నేను ఇంగ్లీషు మాట్లాడింది మెస్సులో, అది కూడా అన్నం చాలనప్పుడు.

తలకు స్కార్ఫు, పేరేమో దేవి. హనుమంతుడి గుడి ఉన్న ఆ గుట్ట కింద కొబ్బరికాయలమ్మే మల్లవ్వకు ఈ రెండూ కలవలేదు.

"సాయిబుల బిడ్డవు గదా, దేవి అని పేరెట్ల వెట్టిండ్రు?" అని నిలదీసింది.

మా దగ్గర ఈ పేరు అందరూ పెట్టుకుంటారని, మా తోలుబొమ్మలాటలో హనుమంతుడు తెల్లగా ఉంటాడని మేడం చెప్పింది. నేను ఆ రెండు ముక్కలూ చెప్పి, "ఈమె ముత్తాతలు లంకకు వారధి కట్టేటప్పుడు రాళ్లు మోసిండ్రంట అవ్వా" అని ఒకటి కలిపాను. మల్లవ్వ లేచి దండం పెట్టి, పైసలు తీసుకోకుండా కొబ్బరికాయ ఇచ్చింది. ఆ కొబ్బరికాయ ఎందుకొచ్చిందో మేడంకు చాలా రోజుల దాకా తెలియలేదు.

సాయంత్రం అందరూ వాకిట్లో కూర్చుని ఆనాటి సంగతులు చెప్పాలి. ఎవరేం చెప్పినా ఆమె అడిగేది ఒకటే, చూసిందా, విన్నదా, అనుకున్నదా అని. మొదటి వారంలోనే నేను, మల్యాలలో ఒక కోతి ఫ్రిజ్ తెరిచి చల్లనీళ్లు తాగి మళ్లీ తలుపు వేసిందని చెప్పాను. చూశావా అంది. విన్నాను అన్నాను. ఎవరు చెప్పారు అంది. ఆటోలో పక్కన కూర్చున్నామె అన్నాను. ఆమె చూసిందా అంది. వాళ్ల ఆడబిడ్డ చూసిందట అన్నాను. మర్నాడు ఆ ఆడబిడ్డ ఇంటికి జీపు కట్టించింది. తేలిందేమిటంటే కోతి ఫ్రిజ్ మీద కూర్చుంది. ఫ్రిజ్ చెడిపోయి అప్పటికి ఏడాదైంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె నన్ను తిట్టలేదు. "కోతి ఫ్రిజ్ మీద కూర్చుంది అన్నది కూడా మంచి సమాచారమే. కోతులు ఇంటి లోపలికి వస్తున్నాయని దానితో తెలుస్తుంది" అంది. నాకు మాత్రం ఆ కోతికి నీళ్లు తాగించకుండా వదలడం కష్టంగానే ఉంది.

ఇంకోసారి మల్యాల దగ్గర గంగారాం అనే రైతుతో మాట్లాడుతున్నాము. మీ చేను మీదికి కోతులు ఏ వేళకు వస్తాయి అన్నది ఆమె ప్రశ్న. "కాకా, కోతులు దండయాత్రకొచ్చినప్పుడు సేనాపతి ముందట ఉంటడా, ఎనుక ఉంటడా? మంచెల కూసున్న నిన్ను జూసి భయపడుతయా, నువ్వే భయపడుతవా?" అని నేను అడిగాను. గంగారాం పడీపడీ నవ్వి, "సేనాపతి మా అల్లుని తీర్గ ఉంటడు, తిన్నంక గని పోడు" అన్నాడు. మేడం నా వైపు తిరిగింది.

"నేను అడిగింది చిన్న ప్రశ్న. నువ్వు చాలాసేపు మాట్లాడావు. ఆయన నవ్వాడు. నా ప్రశ్నలో నవ్వడానికి ఏమీ లేదు. మళ్లీ అడుగు."

ఈసారి ఉన్నదున్నట్టు అడిగాను. గంగారాం నవ్వు ఆగిపోయింది.

"పొద్దుగాల్ల అత్తయి. మక్క ఏసుడే బందు వెట్టిన. అవి అడివి ఇడిసి ఊర్లెకచ్చినయి, మా పోరగాండ్లు ఊరిడిసి దుబాయి వోయిండ్రు."

అది కూడా ఉన్నదున్నట్టే చెప్పాను. ఆమె మొక్కజొన్న వెయ్యడం మానేసిన ఆ బీడు చేను వైపు చూసి, "మొదటిసారి అడిగినప్పుడు ఈ మాట ఎందుకు రాలేదో ఆలోచించు" అంది. నేను ఆలోచించినట్టు ముఖం పెట్టాను. అసలు ఆలోచించాల్సిన రోజు తర్వాత వచ్చింది.

కోతిని పట్టకుండా దాని నోటి తడి సంపాదించడానికి వాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. నూలు తాడు ముక్కకు అనాసపండు జామ్ రాసి కొమ్మకు వేలాడదీస్తారు. కోతి వచ్చి తీపి పోయేదాకా నములుతుంది, ఉమ్మేసి పోతుంది. ఆ తాడును పిండి సీసాలో పట్టి పరీక్షకు పంపుతారు. ఆ జామ్ కోసం జగిత్యాల దుకాణాలన్నీ ఖాళీ చేశాను. ఊళ్లో ఆ ఏడు పిల్లలెవరూ జామ్ తినలేదు. తాడుకు మాత్రం రంగూ గంజీ లేని నూలు కావాలి. నేను సిరిసిల్లలో మా బావ పేరు చెప్పాను.

మా అక్క భర్త రాజేశం బావ సాంచె నడిపేవాడు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచె అంటారు. అప్పట్లో ఆర్డర్లు లేక సాంచెలు వారంలో సగం రోజులు ఆగి ఉండేవి. వాడకట్టులో కొందరు మరమగ్గాల పనికే భీవండి పోయారు, కొందరు దుబాయి పోయారు. కొందరు ఎక్కడికీ పోకుండానే పోయారు. వాళ్ల సంగతి పెంచి చెప్పడం నాకు కూడా చేతకాదు. బావకు కోరుట్ల ఏజెంటు ఒకడు దుబాయిలో క్లీనింగు పనికి వీసా తెప్పించాడు. ఇక హైదరాబాదులో మెడికల్ ఒక్కటే మిగిలింది. రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే చూసి ఫిట్ అనో అన్‌ఫిట్ అనో ముద్ర కొడతారు. మా వైపు పదో తరగతి ఫెయిలైన వాడికి పిల్లనిస్తారు గాని, మెడికల్ ఫెయిలైన వాడికి టీ కూడా పోయరు.

బావ తాళ్ల కట్ట ఇచ్చిపోదామని, పనిలో పని మొక్కు తీర్చుకుందామని కొండగట్టు వచ్చాడు. వీసా వస్తే గుట్ట మీది కోతులకు తన చేత్తో అరటిపండ్లు తినిపిస్తానని మొక్కుకున్నాడు. మగకోతి ఒకటి ముందుకొచ్చింది. దూడంత ఉంది. తరుగు తీసుకోండి, పెద్ద పిల్లి అంత. పండుతో పాటు బావ మణికట్టును కూడా కొరికింది. మేడం పరుగెత్తుకొచ్చి ఆయనను నల్లా దగ్గరికి లాక్కుపోయి, సబ్బు పెట్టి, చేయి కాదు గిన్నె అన్నట్టు చాలాసేపు కడిగింది. తర్వాత జీపు చూపించి, జగిత్యాల ఆసుపత్రికి పోదాం, పిచ్చికుక్క కరిస్తే వేసే సూదులే దీనికీ వెయ్యాలి అంది. బావ చేయి వెనక్కి లాక్కున్నాడు.

"సూది అద్దు. స్వామి నా చేతి పండు తిన్నడు. పన్ను తాకిందంటే పని అయినట్టే."

నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "వారంల మెడికలున్నది రా బామ్మర్ది. మందు రక్తంల కలిస్తే అన్‌ఫిట్ గొడతరు. మెడికలయ్యేదాక ఒక్క గోలి సుత మింగకు అన్నడు ఏజెంటు."

నాకు భయం వేసింది. భయం వేస్తే నేను ఇంకా పెంచుతాను. "బావా, సూది ఏసుకోకుంటే నీళ్లను జూసి ఉరుకుతవు. కుక్క తీర్గ మొరుగుతవు. నువ్వు అక్కను కరుస్తవు, అక్క నన్ను కరుస్తది, నేను కోరుట్ల అంత కరుసుకుంట పోత" అన్నాను.

"బహ్రెయిన్ల సముద్రం మీద నడిచిన అని చెప్పినోనివి నువ్వే గదరా" అని నవ్వి, గాయానికి పసుపు గుడ్డ కట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాడు. నా మాట ఎవరైనా నమ్మి తీరాల్సిన అవసరం నాకు పడడం అదే మొదటిసారి. తీరా చూస్తే నా దగ్గర నమ్మదగిన మాట ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు పొద్దున మేడం తనే జీపెక్కింది. దారిలో ఒకటే చెప్పింది, "ఇవాళ నేను అన్నదే చెప్పు. తక్కువ వద్దు, ఎక్కువ వద్దు" అని. ఆ రోజు సాంచెలు నడుస్తున్నాయి. ఆ చప్పుడులో దేవుడు పిలిచినా వినపడదు, అందుకని ఇంటి వెనక కూర్చున్నాము. అక్క టీ ఇచ్చి తలుపు పక్కన నిలబడింది. మేడం చొక్కా చేతిని పైకి లాగి తన గాట్లు చూపింది. ఇవి కోతులు కరిచినవి, కరిచిన ప్రతిసారీ సూదులు వేసుకున్నాను, ఎన్నో దేశాలు తిరిగాను, ఎక్కడా అడ్డం రాలేదు అంది. మేడం వాళ్ల అక్క జెద్దాలో ఒకరింట్లో పనికి పోయిందట. పోయే ముందు కుక్క కరిస్తే ఇవే సూదులు వేసుకుని మెడికల్‌కు పోయిందట. "ఆ పరీక్షలో ఈ సూదుల కోసం వెతకరు. ఇది నాకు తెలుసు. ఈ కోతికి ఆ రోగం ఉందో లేదో తెలియదు. ఉంటే, బయటపడ్డాక మందు లేదు."

నేను ఒక్కొక్కటే చెప్పాను. నా మాటల్లో ఈసారి కుక్కలు మొరగలేదు, ఎవరూ ఎవరినీ కరవలేదు. నాలుక చివర దాకా వచ్చినవి మింగాను.

"గంతేనా?" అన్నాడు బావ.

"గంతే."

"మెడికల్ల పాసైత అన్నదా?"

అన్నదని చెబితే అయిపోయేది. అక్క నా వైపే చూస్తోంది. "అనలే బావా" అన్నాను.

"మంచిగ అడుగు రా. ఇంకేమన్న అన్నదా?"

"ఇంకేం అనలే."

బావ టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "వీడు గింత తక్కువ మాట్లాడంగ నేనెన్నడు సూడలే. నిజంగనే ఏదో ఉన్నట్టున్నది. నా అంగి తే" అన్నాడు.

ఆ రోజే సిరిసిల్ల ఆసుపత్రిలో మొదటి సూది పడింది. వారం తర్వాత మెడికల్ పాసయ్యాడు. శంషాబాదు విమానాశ్రయానికి మేము మూడు జీపుల్లో పోయాము. అక్క సకినాలు కట్టిచ్చింది, మేడం చేయి ఊపింది, విమానం లేచేటప్పుడు బావ కిటికీలోంచి మాకు కనపడ్డాడు.

శిక్షణ ముగిసి మేడం జావా వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను ఎక్కడ కూర్చున్నా నవ్వించి బతుకుతాను, ఆ పని మానలేదు. కానీ గల్ఫ్‌లోని ఏ ఆసుపత్రి నుంచో, ఏ కంపెనీ క్యాంపు నుంచో ఇంగ్లీషులో ఫోను వస్తే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు దాన్ని నా దగ్గరికే తెస్తారు. ఎదురుగా ఒక భార్యో తల్లో నిలబడి నా పెదవులు చూస్తూ ఉంటుంది. ఆ ఫోన్లలో అవతలివాళ్లు అన్నదే చెబుతాను. బాగున్నాడన్న మాట వాళ్లు అనకపోతే నేను అనను. ఆ తల్లి మళ్లీ అడగమంటే మళ్లీ అడుగుతాను. అంతకంటే ఏమీ చెయ్యను. ఈ అలవాటు దేవి మేడం పెట్టింది.

ఆమె గురించి రాస్తున్నాను కాబట్టి ఒక మాట విడిగా చెప్పాలి. దూడంత కోతి, కొబ్బరికాయ, ఖాళీ అయిన జామ్ దుకాణాలు, వీటన్నిటికీ మీరు తరుగు తీసుకుంటే చాలు, లోపల గింజ ఉంటుంది. విమానాశ్రయం మాత్రం మొత్తం పొట్టు. బావ సూదులన్నీ వేసుకున్నాడు, వాటి మధ్యలోనే మెడికల్‌కు పోయాడు, అన్‌ఫిట్ ముద్రతో తిరిగొచ్చాడు. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ ఉంది. సూదుల వల్లనే అని బావ అన్నాడు, వాడకట్టు మొత్తం అన్నది. ఆ సంగతి నేను చెప్పగానే మేడం మళ్లీ సిరిసిల్ల వచ్చింది. ఎక్స్‌రే ఫిల్మును ఆకాశానికి ఎత్తిపట్టి చూసి, ఇది సూదులతో వచ్చింది కాదు, అంతకు ముందు నుంచే ఉంది, టీబీ కావచ్చు, మందులతో తగ్గుతుంది అంది. నేను అంతే చెప్పాను. బావ ఆమె మీద కోపం చేయలేదు.

"నన్ను బతికిచ్చినవు మేడం, మంచిదే. ఇగ ఎట్ల బతకాల్నో గది గుడ చెప్పు" అన్నాడు.

ఏమన్నాడు అని ఆమె అడిగింది. అన్నదంతా చెప్పాను. ఆమె ఫిల్మును కవరులో పెట్టి, ముందు టీబీ ఆసుపత్రికి పోదాం అని లేచింది. నెలల తరబడి గోలీలు మింగి బావ బాగయ్యాడు. దుబాయి మాత్రం పోనే లేదు. ఇప్పుడు సిరిసిల్లలోనే ఒక గోదాము దగ్గర కాపలా ఉంటున్నాడు. సూదుల వల్లనే అని ఇవాళ్టికీ అంటాడు, అంటూనే నాకు టీ పోస్తాడు. ఆ రోజు ఆయన అడిగినదానికి మేడం దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. లేకనే, పైన కథలో ఆయనను విమానం ఎక్కించాను.