ఎక్కువ ధర వేసినవాడికే ఆర్డరు

గుమ్మడికాయను మూడు వేల రెండు వందలకు అమ్మగల మనిషి మా అల్వాల్ చర్చి సంఘంలో ఒక్కడే ఉన్నాడు, యేసురాజు. కోతకాల పండుగకు ఇళ్ల నుంచి తెచ్చిన కాయలూ, కోళ్లూ, కేకులూ వేలం వేసేది అతనే. ఒకాయన రెండు వందలంటే పక్కాయన్ని ఎగదోస్తాడు, ఇద్దరినీ నవ్విస్తాడు, జేబులు ఖాళీ అయ్యాక గానీ మూడోసారి అనడు. నాకు తమ్ముడి వరస. పాటల బృందంలో నా వెనక నిలబడి పాతికేళ్లుగా శ్రుతి తప్పుతున్నాడు.

మొన్నటి వేలం డోరా టీచర్ కోసం పెట్టాం. సండే స్కూల్లో మా అందరికీ వాక్యాలు కంఠతా పట్టించిన మనిషి. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని కార్ఖానా ఏరియాలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. రోజుకు మూడు ఇంజెక్షన్లు, పద్నాలుగు రోజులు, ఒక్కొక్కటి నాలుగు వేల మూడు వందలు. వేలంలో వచ్చింది అరవై ఒక్క వేలు. గుడి గుడంతా ఊడ్చి ఇచ్చినా అయిదు రోజుల మందుకు చాలలేదు.

ఆ ఆసుపత్రిలో మందుల స్టోర్స్ చూసేది యేసురాజే. అతని వల్లే మంచం దొరికిందని అందరం స్తోత్రం చెప్పుకున్నాం. తక్కినదంతా అతనే తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక గుడి వెనక నిలబెట్టి నాకు చెప్పాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మందు కంపెనీ మనిషితో రెండు గంటలు బేరమాడి, డబ్బా మీద అచ్చు వేసే ధర యాభై రూపాయలు తగ్గించాడట. మెచ్చుకుంటారని మేనేజరు హరికిషన్ దగ్గరికి పరుగెత్తితే ఆయన పగలబడి నవ్వాడు.

"తగ్గించుడు కాదు యేసురాజూ, పెంచమనాలె. మనం కొనే ధర తగ్గాలె, డబ్బా మీది ధర పెరగాలె."

పందొమ్మిదేళ్లుగా అదే పని. మూడు కంపెనీలవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఎవరు డబ్బా మీద ఎక్కువ ధర వేసిస్తే వాళ్లకే ఆర్డరు. పేషెంటు దగ్గర వసూలు చేసేది ఆ ధరే. టీచర్‌కు ఎక్కిస్తున్న మందు ఆసుపత్రికి పడేది నాలుగు వందల పది రూపాయలకు. మిగతాది ఎవరు తింటారని అడిగాను. పేషెంటును పంపిన బస్తీ డాక్టరు, టార్గెట్ దాటిన పెద్ద డాక్టరు, పైసలు పెట్టిన సేట్లు అని చెప్పుకుంటూ వచ్చి, ఏడాదికోసారి బోనస్ పేరు మీద తాను కూడా అన్నాడు. మా గుడికి మైకు సెట్టు కొనిచ్చింది ఆ బోనస్‌తోనే. ఇన్నాళ్లూ అందులోనే పాడుతున్నాం. నాకు ఒళ్లు మండింది గానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

మరి మానెయ్యరాదా అంటే అతని దగ్గర జవాబుంది. భార్య బ్యూలాకు నాలుగేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉద్యోగి భార్య కాబట్టి అక్కడ సగం ధర. ఉద్యోగం మానిన రోజు నుంచి పూర్తి ధర కట్టాలి, ఆ ధర ఎలా పెరుగుతుందో అతనికంటే ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటాం. అతనికి పక్కకు జరిగే జాగా కూడా లేదు.

అయినా వేలం మరునాడు ఉండబట్టలేక టీచర్ కూతురు హదస్సాను మెట్ల దగ్గరికి పిలిచాడు. ఇదే మందు స్టేషన్ దగ్గర హోల్‌సేల్ షాపులో ఆరు వందలకు దొరుకుతుందని, తన పేరు మాత్రం ఎక్కడా చెప్పొద్దని షాపు గుర్తులు చెప్పాడు. లెక్క చూస్తే వేలం డబ్బుతోనే మొత్తం మందు వచ్చి ఇంకా మిగులుతుంది. ఆ పూట ఎన్నడూ లేనంత ఆకలేసి అన్నం రెండోసారి పెట్టించుకున్నాడట.

బయటి మందు ఏదైనా స్టోర్స్ ఇన్‌ఛార్జి సంతకం లేనిదే వార్డులో ఎక్కించకూడదని ఆసుపత్రిలో ఒక రూలుంది. హరికిషన్ చెబుతుంటే రెండేళ్ల కిందట రాసింది యేసురాజే. వార్డు నర్సు చూసీచూడనట్టు పోతుందనుకున్నాడు. ఆమెకు కూడా ఉద్యోగం కావాలి కదా, కిందికి పంపేసింది.

హదస్సా ఐసు పెట్టెతో స్టోర్స్ కిటికీ ముందుకు వచ్చింది. మిగిలిన కోర్సుకు సరిపడా ముప్పై ఆరు డబ్బాలు. హరికిషన్ అప్పుడు లోపలే కూర్చుని స్టాకు చూస్తున్నాడు. ఈ షాపు సంగతి ఎవరు చెప్పారని ఆయనే అడిగాడు.

"ఎవ్వరు చెప్పలే సార్. నేనే తిరిగి తెలుసుకున్న."

యేసురాజు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. అదే కంపెనీ, అదే మందు. ధర ఒక్కటే వేరు. హరికిషన్ కళ్లు తన వీపు మీదే ఉన్నాయని తెలుస్తూనే ఉంది. ఎలా నిల్వ చేశారో తెలియదు కాబట్టి ఒప్పుకోలేమని, అందరికీ చెప్పే మాటే ఆ పిల్లకూ చెప్పి, తిరస్కరించినట్టు కాగితం మీద స్టాంపు కొట్టాడు. అది నాకు చెప్పేటప్పుడు ఏడ్చాడు.

హదస్సా కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. "పరవాలేదంకుల్. ఆంటీని మంచిగ చూసుకోండ్రి" అని, పోయి ఆసుపత్రి మందుల కౌంటరు ముందు లైన్లో నిలబడింది. కాసేపటికి డోరా టీచర్ పేరు మీద ఆర్డరు కిందికి వచ్చింది. నాలుగు వేల మూడు వందల ధర వేసిన డబ్బాలు లెక్కపెట్టి పైకి పంపింది అతనే.

చల్లగా ఉంచాల్సిన మందు ఒకసారి షాపు దాటితే వాపసు తీసుకోరు. ఇరవై ఒక్క వేల ఆరు వందలు ఐసు పెట్టెలోనే పోయాయి. టీచర్ బతికింది, కూతురు నగలు బ్యాంకులో తాకట్టులో ఉన్నాయి. ఓదార్చబోయి, నీ మనసు మంచిదే కదా తమ్ముడూ అన్నాను.

"నేను నోరు మూసుకున్నా ఆ ఇర్వై వేలన్న వాళ్లకు మిగులుతుండె అక్కా" అన్నాడు.