మౌలాలీ చేసిన రాబందు

రోజూ తెల్లారి కొట్టు తలుపు తీసే ముందు మౌలాలీ అన్న ఒక పని చేసేవాడు. పాత లౌడ్‌స్పీకర్‌లోంచి ఊడదీసిన గుండ్రటి అయస్కాంతం ఒకటి ఉండేది ఆయన దగ్గర. దానికి నవారు తాడు కట్టి, కుక్కపిల్లను తోలుకుపోతున్నట్టు నేల మీద ఈడ్చుకుంటూ తన కొట్టు నుంచి మా కొట్టు దాకా, అక్కణ్ణించి పాలబూత్ దాకా పోయి వచ్చేవాడు. దానికి అతుక్కున్న రేకు ముక్కలు, మేకులు, తీగ తుంటలు దులిపి డబ్బాలో పోసి, అప్పుడు బిస్మిల్లా అంటూ తాళం తీసేవాడు.

నరసరావుపేటలో కోటప్పకొండకు పోయే రోడ్డు మాది. నాది కొబ్బరికాయలు, కర్పూరం అమ్మే చిన్న కొట్టు. ఆయనది రేకుల పని. గరాటాలు, బియ్యం డబ్బాలు, కోళ్ల గూళ్లకు తలుపులు. ఇరవై రెండేళ్లు పక్కపక్కన బతికాం. వాన మొదలైతే ముందు నా కొబ్బరికాయల బస్తా లోపలికి జరిపి, తర్వాత తన రేకులు సర్దుకునేవాడు. ఆ మాట నేను ఎన్నడూ అడిగింది లేదు, ఆయన చెప్పింది లేదు.

ఒకసారి అడిగాను. "నీ కొట్టు ముందు ఏరుకుంటే చాలదా అన్నా, పాలబూత్ దాకా ఎందుకు?"

"గాలికి పోతయ్యి చెల్లెమ్మా. బండి చక్రాలకు అంటుకుని పోతయ్యి. కొండకు పోయేవాళ్లు వట్టి కాళ్లతో పోతారా లేదా?"

తర్వాత ఎప్పుడో ఆయన భార్య మైమూనా చెప్పింది అసలు సంగతి. మౌలాలీ అన్న వాళ్ల నాన్నకు కారంపూడిలో రేకుల కొట్టు ఉండేదట. చెల్లెలు ఖాతూన్ బీ తొమ్మిదేళ్ల పిల్ల. ఆ కొట్టు ముందే కాల్లో రేకు ముక్క దిగింది. పసుపు పెట్టి కట్టారు. పదో రోజుకు దవడ బిగిసింది, ధనుర్వాతం. పిల్ల దక్కలేదు. ఆ ముక్క కత్తిరించింది తొలిసారి కత్తెర పట్టిన మౌలాలీ. అప్పట్నించీ తన చేతి రేకు ఏదీ అంచు మడవకుండా బయటికి పంపడు. అంచులో సన్నతీగ పెట్టి, రేకును దాని మీదికి మడిచి, సుత్తితో మెత్తగా కొట్టి, చివరికి తన బొటనవేలు చుట్టూ తిప్పి చూసుకునేవాడు. వేలికి గీరుకుంటే మళ్లీ మొదటికి.

శివరాత్రికి పక్క ఊరివాళ్లు బండి మీద ఎత్తుగా కట్టి కొండకు తెచ్చే ప్రభకు రేకు పూలు, కలశం ఆయనే చేసేవాడు. ముప్పై ఏళ్లుగా అదే వరస. కొండ మీది కోటయ్య సామి పని అని కూలి అడిగేవాడు కాదు, ఇచ్చింది కళ్లకద్దుకునేవాడు. ప్రభ కొండ కిందికి చేరాక తానే నిచ్చెన ఎక్కి పూలు సరిచూసి దిగేవాడు.

ఈసారి ఆ ప్రభ కమిటీ పెద్ద శ్రీహరి ఫోను పట్టుకుని వచ్చాడు. "పూలూ కలశాలూ పాతబడ్డయ్యి మౌలాలీ. ఇదిగో, ఇది కావాల" అని బొమ్మ చూపించాడు. టీవీలో తెలుగు మాటలతో వచ్చే ఏదో దేశపు సీరియల్లో, నక్షత్రాల మధ్య యుద్ధం చేసే ఓడ. ఒక్క మనిషి పట్టే గూడు, రెండు వంగిన రెక్కలు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. నల్లగా, బలంగా ఉంది. "ప్రభ నడుమన పన్నెండడుగులది కట్టాల. చుట్టూ లైట్లు."

నాకు ఒళ్లు మండింది. సామి ప్రభ మీద ఇదేం వేషం! మౌలాలీ అన్న మాత్రం ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. పనివాడికి కొత్త పని ఎదురైతే వచ్చే ఆశ అది. నేను కాదనలేకపోయాను.

చిత్రం ఏమిటంటే ఆ సీరియల్ మైమూనాకు కంఠతా వచ్చు. సాయంత్రం ఆరున్నరకు పొయ్యి ఆర్పి మరీ చూసేది. ఓడ సగం అయ్యాక ఒకరోజు కొట్టుకు అన్నం తెచ్చి, దాన్ని చూసి నోరు నొక్కుకుంది.

"ఏందయ్యా ఇది? ఇది రాబందు గదా!"

"రాబందు ఏందే?"

"ఊళ్ల మీద పడి కాల్చేవాళ్ల ఓడ పేరు అది. మంచోళ్లది పాలపిట్ట. నీలంగా, చిన్నగా ఉంటది. ఇది చెడ్డోళ్లది."

మౌలాలీ అన్న ఆ పూటే శ్రీహరికి కబురంపాడు. అతను వచ్చి పళ్లికిలించాడు. "మీ ఆడోళ్లకు పనేం లేదా? ఏది మంచిదో ఏది చెడ్డదో ఎవడు చూడొచ్చాడు? పెద్దగా ఉంది, అది చాలు."

"చూసే పిల్లలకు తెలుస్తది శ్రీహరీ."

"పిల్లలకు ఓట్లున్నయ్యా?"

ఓట్ల మాట అప్పుడెందుకు వచ్చిందో మాకు తెలియలేదు.

పద్దెనిమిది రోజులు పట్టింది ఆ ఓడకు. మేకు అనేది వాడలేదు, అంతా రివెట్లే. రెక్కల్లో ఈకల్లా పేర్చిన ప్రతి రేకుకూ అంచు మడిచాడు. చివరి రోజు నన్ను పిలిచి, "చెల్లెమ్మా, చెయ్యి పెట్టి నిమురు" అన్నాడు. రెక్క పొడవునా నిమిరాను. గిన్నె అంచులా నున్నగా ఉంది. రాబందైతేనేం, అంత జాగ్రత్తగా చేసిన వస్తువు చూస్తే చేతులు జోడించాలనిపించింది.

శివరాత్రి నాడు నేను కొండ కింద, మెట్ల దారి పక్కన కొట్టు పెట్టుకున్నాను. "చేదుకో కోటయ్యా" అంటూ జనం వట్టి కాళ్లతో పోతూనే ఉన్నారు. ఒక ముసలామె దాహానికి ఆగితే ముక్కూమొహం తెలియని పిల్ల ఎవరో తన సీసా ఇచ్చి, తాగిందాకా పట్టుకుని నిలబడింది. ఇటువంటివి చూడటానికే నేను ఏటా పోతాను.

పొద్దు వాలుతుండగా ఆ ఊరి ప్రభ వచ్చి మా ఎదుటి మలుపులో ఆగింది. తలెత్తి చూశాను. ఓడలో మనిషి కూర్చునే గూడును కోసి వెడల్పు చేసి, అందులో శ్రీహరి వాళ్ల పార్టీ నాయకుడి ఫ్లెక్సీ తలకాయ పెట్టి మేకులు దిగ్గొట్టారు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న తలకాయ. దాని మీద ఆకుపచ్చ లైటు. సామి పటం ఆ రెక్క వెనక ఎక్కడో పడింది. ప్రభ బండి మీద కుర్రకారు తూలుతున్నారు. సారా కంపు నా కర్పూరం వాసనను మింగేసింది.

ఎప్పటిలాగే సరిచూడటానికి నిచ్చెన ఎక్కిన మౌలాలీ అన్న చూపు తలకాయ మీద లేదు. కోసిన అంచు మీద ఉంది. గ్రైండర్ పెట్టి కోసి, అలాగే పళ్లు పళ్లుగా వదిలేశారు.

"శ్రీహరీ, ఒక్క పది నిమిషాలియ్యి. పట్టకారు ఉంది. అంచు మడిచి దిగుతా."

"నాయకుడొచ్చే టైమయింది. పో పో, దిగు."

"ఎవరికన్నా కోసుకుంటదయ్యా!"

"ఆకాశంలో ఉన్నదానికి ఎవరు తగుల్తారు? నీ చాదస్తం నువ్వూ."

నాయకుడు కారు దిగాడు. దండలు, టపాసులు. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. అప్పుడు తండ్రుల భుజాల మీదున్న పిల్లలు ఒక్కరొక్కరే మొదలుపెట్టారు. "రాబందు! రాబందు వచ్చింది!" కొందరు ఏడుపు, కొందరు ఈలలు. నాయకుడు నవ్వుతూనే, "ఏమంటున్నారు పిల్లలు?" అని అడిగాడు. పక్కనున్న ఒక తల్లి అమాయకంగా చెప్పేసింది. "టీవీలో దొంగల ఓడండీ అది. లోపల కూర్చునేవాడు ఊళ్లు దోచుకుపోతాడు."

జనం గొల్లుమన్నారు. ఆయన మొహం అచ్చం పైనున్న మొహంలా ఆకుపచ్చబడింది. "పీకెయ్యండి" అన్నాడు శ్రీహరితో. కారెక్కి పోయాడు.

పీకటం అంటే విప్పటం కాదు వాళ్ల దృష్టిలో. పైకెక్కి కాళ్లతో తన్నారు. "ఆగండ్రా, కింద జనం!" అంటూ మౌలాలీ అన్న ఆడపిల్లల గుంపును పక్కకు నెట్టి, తానే చేతులెత్తి కిందికి పోయాడు. రెక్క వచ్చి ఆయన పాదం మీద పడింది. మిగిలినదాన్ని ఈడ్చి దారి పక్కకు పారేస్తుంటే వెనక ట్రాక్టరు దాని మీదుగా పోయింది. పద్దెనిమిది రోజుల పని చక్రాల కింద రంపపు పళ్లలాంటి ముక్కలై మలుపు పొడుగునా చెదిరింది. ఒక్కడు వంగి ఒక్క ముక్క తీయలేదు. ప్రభ మీద పాట మార్చి మళ్లీ ఎగరటం మొదలుపెట్టారు. అంత పుణ్యపు రోజున మనుషుల మీద నాకు అంత రోత పుట్టింది. దేవుడు నన్ను క్షమించాలి, ఆ రోత ఇంకా పోలేదు.

పొరుగు కొట్టు అయాజ్ తన ఆటోలో ఆయన్ను ఆసుపత్రికి చేర్చాడు. పాదంలో రెండు ఎముకలు విరిగాయి.

మర్నాడు పొద్దున్నే ప్రసాదం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. కాలికి పిండికట్టు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. మైమూనా శ్రీహరిని తిడుతూనే ఉంది. "ఒక్కడన్నా వచ్చి ఎట్టున్నావని అడిగాడా? థూ, మనుషులేనా?" అన్నది. ఆయన ప్రసాదం కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

"చానా నెప్పిగా ఉందా అన్నా?"

"కాలు సంగతి పోనీ చెల్లెమ్మా. జనం ఇంకా దిగుతున్నారా కొండ?"

"దిగుతున్నారు. మూడు రోజులుంటారు గదా."

"వట్టి కాళ్లతోనే?"

ఆయన మంచం కిందికి చెయ్యి పోనిచ్చి నవారు తాడు బయటికి లాగాడు. దాని వెంటే అయస్కాంతం గచ్చు మీద గరగరమంటూ వచ్చింది. రాత్రి ఆసుపత్రి నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆటో ఆపించి తెచ్చుకున్నాడట.

"నిన్ను ఎన్నడూ ఏమీ అడగలేదు" అన్నాడు. "కోసిందెవరైనా ఆ రేకు నా చేతిది. అయాజ్ ఆటో తీసుకుని పో. ఆ మలుపు నుంచి మెట్ల దాకా రెండు పక్కలా ఈడ్చిపెట్టు. ఒక్కసారి చాలదు, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. తాడు పొట్టిగా పట్టుకోమాక చెల్లెమ్మా, నీ కాళ్లకు తగుల్తది."